ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం, ఏడేళ్లు నిలిచిన సభ: 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నిక పూర్వరంగం

1954 నవంబరు 6న కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానాన్ని ఆమోదించింది. తీర్మానానికి అనుకూలంగా 69 ఓట్లు, వ్యతిరేకంగా 68 ఓట్లు వచ్చాయి. రాష్ట్రం ఏర్పడి అప్పటికి పదమూడు నెలలు మాత్రమే గడిచాయి. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. ఈ రెంటి నడుమ గడిచిన మూడు నెలలే ఈ వ్యాసానికి విషయం. ఆ ఎన్నికలో కమ్యూనిస్టు పార్టీ ఎందుకు ఓడిపోయిందన్న ప్రశ్నకు ప్రచారంలో ఉన్న సమాధానాలు చాలానే ఉన్నాయి. పత్రికల సంపాదకీయాలు, మాస్కో నుంచి వచ్చిన ఒక వ్యాసం, బొంబాయి నుంచి వచ్చిన ఒక నాయకుడు, కులం, ధనం: వీటిలో ఏదో ఒకదానిని ప్రధాన కారణంగా చూపడం పరిపాటి. ఇవన్నీ పనిచేశాయన్నది కాదనలేని సంగతి. అయితే ఏ పని చేశాయన్న ప్రశ్న వేరు. వీటి ప్రభావం కమ్యూనిస్టుల ఓట్లను తగ్గించడంలో కంటె, కమ్యూనిస్టేతరుల ఓట్లు చెదరకుండా నిలపడంలో ఎక్కువగా కనబడుతుంది. ఎన్నికల లెక్కలను ఓపికగా చదివితే ఈ తేడా తెలుస్తుంది.

తనకు తానై ఎన్నుకోని సభ

ఆ లెక్కలకు ముందు ఆంధ్ర రాష్ట్ర తొలి శాసనసభ స్వభావాన్ని గుర్తుచేసుకోవలసి ఉంటుంది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ సభ కోసం ఎవరూ ఓటు వేయలేదు. 1952 ఎన్నికలో ఉమ్మడి మద్రాసు శాసనసభకు తెలుగు జిల్లాల నుంచి ఎన్నికైన 140 మంది సభ్యులే కొత్త రాష్ట్రపు సభగా మారారు. మద్రాసును పాలించడానికి పంపిన ప్రతినిధులు కర్నూలులో కూర్చుని ఆంధ్రను పాలించవలసి వచ్చింది. రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ అన్న ప్రశ్నలు ఆ సభ్యులకు ఓటు వేసిన నాటి ఓటరు ముందు ఉన్నవి కావు. శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని రాయలసీమకు రావడం, కార్యాలయాలు కొన్నాళ్లు గుడారాలలో నడవడం, 1954 జూలైలో గుంటూరులో హైకోర్టు ప్రారంభం కావడం, ఇవన్నీ ప్రజల తీర్పు అడగకుండానే జరిగిపోయిన సంగతులు. ఆ లెక్కన ఆంధ్ర రాష్ట్రానికి 1955 ఎన్నిక మధ్యంతరమూ, తొలి ఎన్నికా కూడా.

1952 ఎన్నిక కాంగ్రెసుకు పెద్ద దెబ్బ. 375 స్థానాల మద్రాసు సభలో ఆ పార్టీకి 152 మాత్రమే వచ్చాయి. కమ్యూనిస్టులు 62 గెలిచారు. తెలుగు జిల్లాలలో రెండు పార్టీల బలం ఇంచుమించు సమానం: చెరి నలభై స్థానాలు, కొంచెం అటూ ఇటూగా. మంత్రులుగా ఉన్నవారే ఓడిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, కల్లూరి చంద్రమౌళి ఆ జాబితాలోని వారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి ఓడించారు; ఇద్దరూ దగ్గరి బంధువులు కావడం ఆ పోటీ గురించి నేటికీ చెప్పుకునే విశేషం. కాంగ్రెసేతర పక్షాలన్నీ ప్రకాశం నాయకత్వాన ఐక్య ప్రజాస్వామ్య కూటమిగా ఏర్పడి తమకు 166 మంది మద్దతు ఉందని చెప్పుకున్నాయి. గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది రాజాజీని.

మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1952లో కమ్యూనిస్టుల విజయం వెనుక వారి సొంత బలంతోపాటు ప్రత్యర్థుల చీలిక కూడా ఉంది. తెలుగు జిల్లాలలో కాంగ్రెసు నుంచి విడివడిన రెండు పాయలు కాంగ్రెసుపైనే పోటీ చేశాయి. ఒకటి ప్రకాశం ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ, రెండవది ఎన్.జి. రంగా స్థాపించిన కృషికార్ లోక్ పార్టీ. ఈ రెండవ పార్టీ గెలిచిన 15 స్థానాలూ తెలుగు జిల్లాలలోనివే. వీటికి తోడు సోషలిస్టులు, స్వతంత్రులు. ఒక పల్లెలో కమ్యూనిస్టు అంటే ఇష్టం లేని నలుగురు రైతులు నాలుగు వేరు వేరు పెట్టెలలో ఓటు వేసిన ఎన్నిక అది.

మద్యనిషేధం, పొత్తుల తారుమారు

1953లో ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. అంతకు ఏడాదిన్నర ముందు తాను ఎదిరించిన కాంగ్రెసు మద్దతే ఆయనకు ఆధారం. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ఈ ఏర్పాటులో మొదటి నుంచీ నిలకడ లేదు. పతనానికి నిమిత్తమైనది మద్యనిషేధం. ఉమ్మడి మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన ఈ చట్టం గీత కార్మికుల జీవనోపాధిని దెబ్బతీసింది. గౌతు లచ్చన్న నాయకత్వాన వారు సత్యాగ్రహానికి దిగారు. ప్రభుత్వం నియమించిన రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయవలసిందిగా సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలుకు నోచుకోలేదు. గాంధేయ సంప్రదాయం నుంచి వచ్చిన ప్రభుత్వం నిషేధాన్ని తనంతట తాను వదులుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ కష్టం చెట్టు ఎక్కి బతికే మనిషికి ఏమీ చెప్పదు. కమ్యూనిస్టులు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా సోషలిస్టులు ఒకే వైపు ఓటు వేసి ప్రభుత్వాన్ని పడగొట్టారు.

ఇక్కడ ఆగి చూడవలసిన విషయం ఒకటి ఉంది. నవంబరు 6న కమ్యూనిస్టులతో కలిసి ఓటు వేసిన కృషికార్ లోక్ పార్టీ, మూడు నెలలలోనే కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా కాంగ్రెసుతో కలిసి పోటీకి దిగింది. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం వెంట మిగిలిన ప్రజా పార్టీ కలిసి ఐక్య కాంగ్రెసు కూటమి అయ్యాయి. ప్రజా సోషలిస్టు పార్టీ మాత్రం బయటే ఉండిపోయింది. దీనిని అవకాశవాదం అని ఒక్కమాటతో తేల్చివేయవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా, సభలో మంత్రివర్గాన్ని పడగొట్టడం, ఊళ్లో ప్రత్యర్థిని ఎన్నుకోవడం అనేవి రెండు వేరు వేరు పనులని ఆ పార్టీ నాయకత్వం గ్రహించింది. సభలోపల ప్రత్యర్థి కాంగ్రెసు. సభ రద్దయిన మర్నాటి నుంచీ కృష్ణా, గుంటూరు జిల్లాల పొలాలలో వారి ప్రత్యర్థి కమ్యూనిస్టు. రంగా రాజకీయమంతా సొంత భూమి గల రైతు చుట్టూ అల్లుకున్నది; ఆ రైతునే కమ్యూనిస్టులు కూడా తమవాడిగా చేసుకోవాలని చూస్తున్నారు. అదే కులం నుంచి, కొన్నిచోట్ల అదే కుటుంబాల నుంచి నాయకులు రెండు పక్షాలలోనూ ఉన్నారు.

అమెరికన్ రచయిత సెలిగ్ హారిసన్ 1956లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ ఎన్నికను ప్రధానంగా కులం ద్వారా వివరించారు. డెల్టాలో కమ్యూనిస్టు నాయకత్వం కమ్మవారి చేతిలో ఉండడం, కాంగ్రెసులో రెడ్ల ప్రాబల్యం, రంగా తిరిగి దగ్గర కావడంతో కమ్మవారిలో ఒక భాగం కాంగ్రెసు వైపు మళ్లడం ఆయన వాదంలోని ముఖ్యాంశాలు. ఆంధ్ర రాజకీయాలను అధ్యయనం చేసే ఎవరూ ఈ వ్యాసాన్ని పక్కన పెట్టలేరు. కాని దానికొక పరిమితి ఉంది. కులం మీద మాత్రమే దృష్టి నిలిపితే కూలీలు, గీత కార్మికులు, షెడ్యూల్డు కులాల ఓటర్లు లెక్కకు రారు. కమ్యూనిస్టులకు పడిన ఓట్లలో అధికభాగం భూస్వామ్య కులాలవి కాజాలవని వాటి పరిమాణమే చెబుతుంది. నాయకుల కులం వేరు, ఓటర్ల కూర్పు వేరు.

మూడు నెలల ప్రచారం

సభా స్థానాలు 140 నుంచి 196కు పెరిగాయి. అవి 167 నియోజకవర్గాలలో ఉన్నాయి. 29 చోట్ల ఇద్దరేసి సభ్యులను ఎన్నుకోవలసి ఉంది. కొత్త సరిహద్దులతో పాత లెక్కలు పనికిరాకుండా పోయాయి. కమ్యూనిస్టులు 169 స్థానాలలో అభ్యర్థులను నిలిపారు. ప్రతిపక్షంగా ఉండిపోవడానికి కాక ప్రభుత్వం ఏర్పాటు చేయడానికే పోటీ చేస్తున్నామన్న ప్రకటన ఆ సంఖ్యలోనే ఉంది. దేశంలో ఏ రాష్ట్రంలోనూ అప్పటికి కమ్యూనిస్టు ప్రభుత్వం లేదు. ఢిల్లీకి కలిగిన ఆందోళన అందుకే. నెహ్రూ స్వయంగా ఆంధ్రలో పర్యటించారు. కాంగ్రెసు ప్రచార నిర్వహణకు బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ వచ్చారు. జనవరిలో మద్రాసు సమీపాన ఆవడిలో జరిగిన కాంగ్రెసు మహాసభ సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని ప్రకటించింది. ఆ తీర్మానానికి జాతీయ స్థాయి కారణాలు ఉన్నాయి. కాని ఎన్నిక ముంగిట నిలిచిన ఆంధ్రకు పొరుగునే ఆ మాట వినబడడం కాంగ్రెసుకు కలిసివచ్చింది.

ఆ నెలలోనే ప్రావ్దా ఉదంతం జరిగింది. మన గణతంత్ర దినమైన జనవరి 26న సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని ప్రశంసిస్తూ సంపాదకీయం రాసింది. 1954లో పంచశీల ఒప్పందం, నెహ్రూ చైనా పర్యటన జరిగి ఉన్నాయి. మాస్కోకు భారత ప్రధాని మైత్రి అవసరం. ఆంధ్రలో నెహ్రూ పార్టీపై పోరాడుతున్న తమ సోదర పార్టీకి ఆ ప్రశంస ఎంత ఇబ్బంది కలిగిస్తుందో ఆలోచించే తీరిక మాస్కోకు లేకపోయింది. కాంగ్రెసు వారు ఆ సంపాదకీయాన్ని అచ్చువేసి పంచిపెట్టారు. మీ గురువులే మమ్మల్ని మెచ్చుకుంటున్నారన్నది వారి వాదం. కమ్యూనిస్టు కార్యకర్తకు ఇంతకంటె ఇరకాటం ఉండదు.

పత్రికారంగంలో ఆంధ్రప్రభ సంపాదకుడు నార్ల వేంకటేశ్వరరావు కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా రాసిన సంపాదకీయాలు ఈ ఎన్నిక చరిత్రలో విడదీయరాని భాగమయ్యాయి. నార్ల వాక్యం పొట్టిది, పదునైనది, పండితుని కోసం కాక చదవనేర్చిన రైతు కోసం రాసినది. గ్రంథాలయంలోనో రచ్చబండ దగ్గరో ఒకరు చదివితే పదిమంది వినడానికి అనువైన వచనం అది. అవతలి పక్షానికి విశాలాంధ్ర దినపత్రిక ఉంది. విచిత్రమేమంటే, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మద్రాసు నుంచే వెలువడుతున్నాయి. విశాలాంధ్ర మాత్రం 1952 నుంచీ విజయవాడదే. కమ్యూనిస్టుల పక్షాన శ్రీశ్రీ ప్రచారంలో పాల్గొన్నారు. ప్రజానాట్యమండలి నాటి నుంచి బుర్రకథను రాజకీయ సాధనంగా మలచినవారు కమ్యూనిస్టులే కనుక సభా రంజకత్వంలో వారిది పైచేయి. తెలుగు వచన వికాసాన్ని పరిశీలించేవారికి ఈ మూడు నెలల కరపత్రాలు, సంపాదకీయాలు, పాటలు ఇంకా పూర్తిగా తవ్వని గని వంటివి. వ్యావహారిక భాష గెలిచిందా లేదా అన్న వాదం పండితుల సభలలో సాగుతుండగానే, ఓటు కోసం రాసేవారు ఆ వాదాన్ని ఆచరణలో ముగించివేశారు.

ఓటు వేసే పద్ధతి కూడా ప్రచార స్వరూపాన్ని నిర్ణయించింది. ఆనాటి ఓటు కాగితం మీద అభ్యర్థుల పేర్లు ఉండవు. ముద్ర వేయడం ఉండదు. తెర వెనుక అభ్యర్థికి ఒకటి చొప్పున పెట్టెలు ఉంటాయి. పెట్టె మీద గుర్తు అతికించి ఉంటుంది. కాడెద్దులు కాంగ్రెసువి, కంకి కొడవలి కమ్యూనిస్టులది. ఓటరు తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావాలి. ఇటువంటి పద్ధతిలో పొత్తు అన్న మాటకు చాలా స్థూలమైన అర్థం ఉంది: తెర వెనుక ఒక పెట్టె తగ్గుతుంది. 1952లో నాలుగైదు పెట్టెలు ఉన్నచోట 1955లో రెండు మూడు మాత్రమే ఉన్నాయి. అయితే పెట్టె తగ్గినంత మాత్రాన ఓటు దానంతట అది పక్క పెట్టెలో పడదు. నిన్నటి దాకా కాంగ్రెసును తిట్టిన రంగా అనుచరుడు నేడు కాడెద్దుల పెట్టె వెతుక్కోవాలి. కృషికార్ లోక్ పార్టీకి వదిలిన చోట కాంగ్రెసు అభిమానికి కాడెద్దులు కనబడవు. అతడు మిత్రపక్షం గుర్తును గుర్తుపట్టాలి. పాత పగలు మరచిపోవడానికి అతనికి ఒక పెద్ద కారణం కావాలి. నార్ల సంపాదకీయాలు, ప్రావ్దా కరపత్రాలు, భూములు పోతాయన్న భయం, నెహ్రూ సభలు ఆ కారణాన్ని సమకూర్చాయి. ఆ ప్రచారం మార్చింది కమ్యూనిస్టు ఓటరును కాదు. మార్చింది తమలో తాము కొట్లాడుకుంటున్న కమ్యూనిస్టేతర ఓటరును.

లెక్కలు

ఫలితాలలో కాంగ్రెసుకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5, వెరసి కూటమికి 146 స్థానాలు వచ్చాయి. కమ్యూనిస్టులకు 15, ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కమ్యూనిస్టుల బలం చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయినట్లు కనబడింది. పుచ్చలపల్లి సుందరయ్య గన్నవరం నుంచి గెలిచారు గాని ఆయన వెంట సభలో అడుగుపెట్టినవారు వేళ్ల మీద లెక్కించదగినవారు.

ఓట్ల శాతాలు చూస్తే దృశ్యం మారిపోతుంది. కాంగ్రెసుకు 39.35, కమ్యూనిస్టులకు 31.13, కృషికార్ లోక్ పార్టీకి 7.39, ప్రజా సోషలిస్టులకు 5.63, ప్రజా పార్టీకి 2.97 శాతం. అంటే పోలైన ఓట్లలో దాదాపు మూడవ వంతు పొందిన పార్టీకి పదమూడవ వంతు స్థానాలు దక్కాయి. కృషికార్ లోక్ పార్టీ అందులో నాలుగవ వంతు కూడా లేని ఓట్లతో ఏడు స్థానాలు ఎక్కువ గెలిచింది. కమ్యూనిస్టులకు ఒక్కొక్క స్థానం కోసం రెండు శాతానికి పైగా ఓట్లు ఖర్చయ్యాయి. కాంగ్రెసుకు శాతంలో మూడవ వంతు సరిపోయింది. ఓట్ల దామాషా ప్రకారం స్థానాలు పంచి ఉంటే వారికి అరవై దాకా వచ్చేవి. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలలో ఓటరుకు రెండు ఓట్లు ఉన్నాయి కనుక ఈ శాతాలు ఓటర్లవి కావు, ఓట్లవి. ఎక్కువ స్థానాలలో పోటీ చేసిన పార్టీకి మొత్తం శాతం పెరగడం కూడా సహజమే. ఈ రెండు మినహాయింపులు ఇచ్చినా అంతరం అంతరంగానే ఉంటుంది. కూటమి మూడు పార్టీల ఓట్లు కలిపితే 49.71 శాతం. నిర్ణయాత్మకమైన సంఖ్య అదే.

ఆంధ్ర అనుభవాన్ని కేరళ పక్కన పెట్టి చూస్తే ఈ వాదం మరింత స్పష్టమవుతుంది. 1957లో కేరళలో కమ్యూనిస్టులు 35.28 శాతం ఓట్లతో 126లో 60 స్థానాలు గెలిచి, స్వతంత్రుల మద్దతుతో ప్రభుత్వం ఏర్పాటు చేశారు. కాంగ్రెసుకు అంతకంటె ఎక్కువ ఓట్లు, 37.85 శాతం, వచ్చినా 43 స్థానాలే దక్కాయి. అక్కడ కమ్యూనిస్టేతర పక్షాలు విడివిడిగా పోటీ చేశాయి. 1960లో కాంగ్రెసు, ప్రజా సోషలిస్టులు, ముస్లిం లీగు కలిసి నిలిచినప్పుడు కమ్యూనిస్టుల ఓట్లు 39.14 శాతానికి పెరిగాయి, స్థానాలు 29కి పడిపోయాయి. ఓట్లు పెరిగి ఓడిపోవడం వింతగా తోస్తుంది గాని ఆంధ్ర ఓటరుకు అది అప్పటికే తెలిసిన వింత.

ఏడేళ్ల సభ

1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మూడేళ్ల కిందట మంత్రిగా ఉండి ఓడిపోయిన వ్యక్తి ఆయన. ఆ సభ ఐదేళ్ల సభగా పుట్టింది. కాని దాని మీద పడిన భారం అంతకంటె పెద్దది. అదే ఏడు సెప్టెంబరు 30న రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక సమర్పించింది. తెలంగాణను కొంతకాలం వేరుగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే సార్వత్రిక ఎన్నికల తరువాత అక్కడి సభలో మూడింట రెండువంతుల మంది కోరితే ఆంధ్రతో కలపవచ్చునన్నది దాని సూచన. నవంబరు 25న ఆంధ్ర శాసనసభ తెలంగాణ ప్రయోజనాలకు హామీలు ఇస్తూ తీర్మానం చేసింది. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

విశాలాంధ్ర నినాదాన్ని అందరికంటె ముందు నుంచీ బిగ్గరగా వినిపించినవారు కమ్యూనిస్టులు. ఆ నినాదం నిజమయ్యే వేళకు ఆంధ్ర సభలో వారు పదిహేను మంది. తెలంగాణకు ఏ హామీలు ఇవ్వాలి, వాటిని ఎవరు కాపాడాలి అన్న చర్చలో ఒక పెద్ద ప్రతిపక్షం ఉండి ఉంటే ఆ హామీల గతి వేరుగా ఉండేదా అన్న ప్రశ్న ఊహకు సంబంధించినది. చరిత్రకారుడు దానికి సమాధానం చెప్పలేడు. హామీలు ఇచ్చిన సభలో వాటిని నిలదీసి అడగగల పక్షం ఓట్లలో ఉన్నంతగా స్థానాలలో లేదని మాత్రం చెప్పవచ్చు. మద్యనిషేధం మీద ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వానికీ, రెండు రాష్ట్రాల కలయికకూ పైకి ఏ సంబంధమూ లేదు. నడుమ ఉన్నది ఈ ఎన్నిక.

1957లో దేశమంతటా సార్వత్రిక ఎన్నికలు వచ్చినప్పుడు ఆంధ్ర ప్రాంతంలో శాసనసభకు ఎన్నికలు జరగలేదు. తెలంగాణలోని 105 స్థానాలకే జరిగాయి. 1955లో గెలిచిన 196 మందీ ఆ కొత్తవారితో కలిసి 301 మంది సభగా కూర్చున్నారు. 1962 దాకా కొనసాగారు. ఆ ఏడు కృష్ణకు ఉత్తరపు ఒడ్డున నల్లగొండ జిల్లా ఓటరు ఒక కాగితం లోక్‌సభకూ ఒక కాగితం శాసనసభకూ వేసి ఇంటికి వెళ్లాడు. దక్షిణపు ఒడ్డున గుంటూరు జిల్లా ఓటరుకు దక్కినది లోక్‌సభ కాగితం ఒక్కటే. శాసనసభకు అతని ఓటు 1955 ఫిబ్రవరిలోనే పడిపోయి ఉంది.